గాలి బరువు మోసే గిన్నె, రెసిన్ పట్టే డబ్బా: ఒక కేస్ స్టడీ

నేను పాతికేళ్లు వాక్యూమ్ పంపుల మెయింటెనెన్స్ చేశాను. ఇప్పుడు విశాఖలో ఇంటి వెనక షెడ్డులో ఒక చిన్న లేత్ పెట్టుకుని కర్రతో పెన్నులు, గిన్నెలు చేస్తుంటాను. ఈ రెండు పనులూ తెలిసినవాడినని కర్రకు రెసిన్ అనే గట్టిపడే ద్రవం పట్టించే విషయంలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అలా వచ్చిన ఒక కేసు ఇది. ఇందులో మొదటి తప్పు నాదే. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, పని వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

అతనికి ముప్పై ఏళ్లుంటాయి, ఉండేది హైదరాబాద్ శివారులో. నాన్నగారు ఫర్నిచర్ వడ్రంగి. షాపులో మిగిలిన ముక్కలతో ఇతను పెన్నులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. టేకు, సిసూ ముక్కలతో ఇబ్బందేమీ రాలేదు. ఇబ్బందంతా బూజు గీతల కర్రతో వచ్చింది. వానలో పడి ఉన్న మామిడి, చింత దుంగల్లోకి శిలీంధ్రం చేరి నల్లటి సన్నగీతలు గీస్తుంది. ఆ గీతలున్న పెన్నుకు గిరాకీ ఎక్కువ. కానీ ఆ కర్ర సగం పుచ్చి మెత్తగా ఉంటుంది, ఉలి తగలగానే పొడిపొడిగా రాలుతుంది. అందుకే ముందు దానికి రెసిన్ పట్టించి గట్టిపరచాలి.

మన ప్రాంతంలో ఇంతకాలం ఈ అవసరం పెద్దగా రాలేదు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తనిదే కానీ పుచ్చు లేని కర్ర, పైన లక్క పట్టిస్తే సరిపోతుంది. రాజమండ్రి చేతిపెన్నులకు పేరు తెచ్చింది ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, దానికి రెసిన్‌తో పనే లేదు. పుచ్చిన కర్రను పెన్నుగా మార్చాలన్న సరదా మనకు కొత్త.

పద్ధతి చెప్పడానికి తేలిక. బాగా ఎండిన కర్ర ముక్కలను, అంటే బ్లాంకులను, నీళ్లలా పల్చగా ఉండే మెథాక్రిలేట్ రెసిన్‌లో ముంచుతారు. గిన్నెలో గాలి తీసేస్తే కర్ర రంధ్రాల్లోని గాలి బుడగలుగా బయటికొస్తుంది. బుడగలు ఆగాక గాలిని మళ్లీ లోపలికి వదులుతారు. వాక్యూమ్ రెసిన్‌ను లోపలికి లాగుతుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది రంధ్రాలను ఖాళీ చేయడం వరకే. రెసిన్‌ను లోపలికి నెట్టేది, మనం గాలి వదిలాక దాని మీద పడే వాతావరణపు బరువు. అందుకే గాలి వదిలిన తర్వాత కూడా బ్లాంకులను గంటల తరబడి మునిగే ఉంచాలి. చివరికి సుమారు 90 డిగ్రీల వేడిలో పెడితే రెసిన్ గట్టిపడుతుంది. ఈ కేసులో తర్వాత వచ్చిన ఒక చిక్కు ఈ వరసను మర్చిపోవడం వల్లే వచ్చింది.

వచ్చిన సమస్య

ఫోన్‌లో అతను అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ గిన్నె కొనాలో చెప్పు. ఇప్పటికి మూడు మార్చిన."

మొదటిది పెద్ద ఊరగాయ సీసా. అయిదు లీటర్ల గాజుది. రెండు రోజులు వాడి, మూడో రోజు భయమేసి ఆపేశాడు. అది సరైన భయం. అయిదు లీటర్ల ఖాళీ మీద వాతావరణం నిల్వ పెట్టిన శక్తి, అయిదు కిలోల రాయి మూడంతస్తుల మేడ మీద నుంచి పడ్డప్పటి దెబ్బకు సమానం. సీసాకు కంటికి కనిపించని గీత ఒక్కటి ఉన్నా చాలు, ముందు చెప్పదు, ఒక్కసారిగా లోపలికి పేలి ముక్కలు బయటికి చిమ్ముతాయి. ల్యాబుల్లో వాక్యూమ్ కోసమే చేసిన గాజు పాత్రలు ఉంటాయి, అవి వేరే సంగతి. ఊరగాయ సీసా ఊరగాయ కోసం చేసింది.

రెండోది ఇంట్లో పాత ప్రెషర్ కుక్కర్. ఒత్తిడికి చేసినదే కదా, వాక్యూమ్‌ను తట్టుకోదా అన్నది అతని లెక్క. వినడానికి సబబుగానే ఉంది. కానీ అది మూత లోపలికి దిగే రకం కుక్కర్. ఆవిరి లోపలి నుంచి పైకి నెడితేనే ఆ మూత అంచుకు బిగుస్తుంది. వాక్యూమ్ పెడితే బయటి గాలి దాన్ని కిందికి నెడుతుంది, బిగియాల్సిన మూత వదులవుతుంది. పంపు ఆన్ చేయగానే తుస్సుమంది. మూత పైనుంచి కూర్చునే రకమైనా విజిల్ రంధ్రం, సేఫ్టీ వాల్వు మూయాలి, పైగా దాని గ్యాస్కెట్ మడతను కూడా లోపలి ఆవిరి ఉబ్బదీయడానికే మలిచారు. అతుకులు వేసి నడిపించొచ్చేమో. నేనైతే సలహా ఇవ్వను.

మూడోది, ఫోన్ చేసేనాటికి వాడుతున్నది, హోటళ్లలో వాడే స్టీలు గిన్నె. 25 సెం.మీ. వెడల్పు, అంతే లోతు, గోడ ఒక మిల్లీమీటరు. పైన 12 మి.మీ. యాక్రిలిక్ మూత, మధ్యలో సిలికాన్ షీటు. పంపు ఏసీ మెకానిక్‌లు వాడే రోటరీ పంపు. ఈ గిన్నెలో గేజు 680 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఆగిపోతోంది (ఈ అంకె ఎంత పెరిగితే లోపల అంత ఖాళీ). బుడగలు ఎనిమిది గంటలైనా ఆగడం లేదు. అంతా అయ్యాక పెన్ను తిప్పితే మధ్యలో మెత్తటి చోట్లు బయటపడుతున్నాయి.

నా మొదటి తప్పు

నా షెడ్డులో గేజు 750 దాటుతుంది. అతనిది 680. డెబ్బై తేడా. ఇంకేం, లీకు ఉంది అన్నాను. గ్యాస్కెట్ మార్చమన్నాను, ప్రతి జాయింటుకూ థ్రెడ్ టేపు కొత్తగా చుట్టమన్నాను. పాపం, చెప్పినట్టే చేశాడు. గ్యాస్కెట్ రెండుసార్లు మార్చాడు, హోస్ మార్చాడు, పంపు ఆయిల్ మార్చాడు. మూడు వారాలు గడిచాయి. గేజు 680 దగ్గరే కూర్చుంది.

ఈలోగా గిన్నె తన సంగతి తాను చెప్పింది. ఒకరోజు గేజు 500 దాటుతుండగా ఢబ్బుమని శబ్దం. "గిన్నె అడుగు లోపలికి గుంజుకుపోయిందన్నా" అని ఫోటో పంపాడు. గిన్నె అడుగు బోర్లించిన పళ్లెంలా లోపలికి ఉబికి ఉంది. పక్కగోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

అదే మందం రేకు గోడగా నిలిచి, అడుగుగా ఎందుకు ఓడిపోయింది? గుండ్రటి గోడ మీద గాలి అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది. ఆ బరువును గోడ తన వంపులోనే పంచుకుంటుంది, పైన మడత అంచు, కింద అడుగు దాన్ని గుండ్రం చెడకుండా పట్టి ఉంచుతాయి. పొట్టి గిన్నెకు ఒక మిల్లీమీటరు గోడ నిజంగానే చాలు, లెక్క వేస్తే అయిదింతల భద్రత వచ్చింది. అడుగు అలా కాదు, చదునుగా ఉంటుంది. దాని మీద పడ్డ బరువంతా దాన్ని వంచడానికే పోతుంది. 25 సెం.మీ. చదును మీద హైదరాబాద్ గాలి బరువు సుమారు 475 కిలోలు, తొమ్మిదిన్నర సిమెంటు బస్తాలు. ఒక మిల్లీమీటరు రేకును చక్రంలా పట్టుకుని దాని మీద తొమ్మిది బస్తాలు పెడితే ఏమవుతుందో, అదే అయింది.

అతను దాన్ని సుత్తితో సరిచేసి మళ్లీ వాడబోయాడు, నేను వద్దన్నాను. ఒకసారి ఉబికిన అడుగు మళ్లీ మళ్లీ ఉబుకుతుంది, ప్రతిసారీ అంచు దగ్గర లోహం అలసిపోతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే.

ఖాళీ గిన్నె పరీక్ష

ఒక పెళ్లికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చి, మర్నాడు అతని షెడ్డుకు వెళ్లాను. నేను మొదటి రోజే చెప్పాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. సొట్టపోయిన గిన్నెలో ఏమీ లేకుండా, పరీక్ష కోసం మాత్రమే పంపు ఆన్ చేశాం. గేజు 705కు వెళ్లింది. వాల్వు మూసి పంపు ఆపేశాం. టీ తాగి, కబుర్లు చెప్పుకుని గంట తర్వాత చూస్తే ముల్లు కదల్లేదు.

అంటే లీకు లేదు. మూడు వారాలు లేని దొంగ కోసం ఇల్లంతా వెతికించాను.

అయితే 750 ఎందుకు రాలేదు? హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తు. అక్కడ గాలి మొత్తం బరువే సుమారు 713 మిల్లీమీటర్లు. గేజు చూపించేది బయటి గాలికీ లోపలి గాలికీ తేడాను. బయటే 713 ఉంటే ప్రపంచంలో ఏ పంపు పెట్టినా 713 దాటదు. సముద్రం పక్కన కూర్చున్న నేను నా 750ను కొలబద్దగా ఇచ్చాను. (ఫోన్‌లో వాతావరణం యాప్ చూసి కూడా మోసపోవచ్చు. అందులో ఇచ్చే పీడనాన్ని సాధారణంగా సముద్రమట్టానికి సరిచేసి చూపిస్తారు. హైదరాబాద్‌లో నిలబడి చూసినా 1000 హెక్టోపాస్కల్స్ పైనే, అంటే సముద్రమట్టపు పీడనమే, కనిపిస్తుంది.)

ఇక మిగిలింది ఖాళీగా 705 వెళ్లిన గిన్నె కర్ర పెట్టగానే 680కి ఎందుకు ఆగుతుందన్నది. ఆ పాతిక తేడా దగ్గర నాకు పాత ఉద్యోగం గుర్తొచ్చింది. 28 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 28 మిల్లీమీటర్లు. లోపల తడి ఉంటే, అది ఆ పీడనం దగ్గర మరగడం మొదలుపెడుతుంది, తడి అయిపోయేదాకా పంపు ఆవిరినే తోడుతూ ఉంటుంది. 713 లోంచి 28 తీస్తే 685. గేజు ఆగుతున్నది దాదాపు అక్కడే. ఎనిమిది గంటలైనా ఆగని ఆ బుడగలు గాలివి కావు, నీటి ఆవిరివి.

అతను బ్లాంకులను ఆరు నెలలు నీడలో ఆరబెట్టానన్నాడు. నిజమే. కానీ నీడలో ఆరిన కర్రలో గాలిలోని తేమకు తగ్గ తడి ఎప్పుడూ ఉంటుంది. బల్ల చేయడానికి ఆ కర్ర బాగుంటుంది, రెసిన్‌కు పనికిరాదు. నాలుగు బ్లాంకులను చిన్న ఓటీజీ ఒవెన్‌లో 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, పొద్దున తూచాం. 25 గ్రాములది 23 అయింది. ఇంకో మూడు గంటలు ఉంచినా 23 దగ్గరే నిలిచింది. బరువు తగ్గడం ఆగిందంటే తడి పోయినట్టు, గంటలు లెక్కపెట్టడం కన్నా తూకాన్ని నమ్మడం మేలు. వేడి చల్లారేలోగా మళ్లీ తేమ పీల్చకుండా జిప్ కవర్లో పెట్టి చల్లార్చాలి.

ఎండిన బ్లాంకులతో అదే సొట్ట గిన్నెలో చేస్తే గేజు 700 దాటింది. బుడగలు రెండు గంటల్లో సన్నబడ్డాయి.

అయినా గిన్నె మార్చాల్సిందే

ఇక్కడితో కేసు ముగించొచ్చు కదా అనిపించింది. అతను అడిగింది గిన్నె, రోగం కర్ర తడిలో ఉంది. కానీ గిన్నె మీద అతని అనుమానం వేరే కారణాలకు నిజమే.

అడుగు సంగతి చెప్పాను. రెండోది మూత. యాక్రిలిక్ మూతను వెలుతురుకు పెట్టి చూస్తే మధ్యలో వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లు వల అల్లినట్టు ఉన్నాయి. యాక్రిలిక్ కూడా మెథాక్రిలేటే, మనం వాడే రెసిన్‌కు దగ్గరి చుట్టం. గట్టిపడని రెసిన్ తుంపర దాని మీద పడితే కరిగించే గుణం చూపిస్తుంది. దానికి తోడు 12 మి.మీ. మూత ఆ బరువు కింద మూడు మిల్లీమీటర్ల దాకా వంగుతోంది. వంగి సాగదీసుకున్న ప్లాస్టిక్ మీద ద్రావకం పడితే పగుళ్లు త్వరగా వస్తాయి. పైగా అతను మూతను స్పిరిట్‌తో తుడుస్తున్నాడు, అదీ యాక్రిలిక్‌కు పడదు. శుభ్రంగా ఉంచాలనే చేశాడు.

మూడోది రెసిన్ ఖర్చు. పెన్ను బ్లాంకు 19 మి.మీ. చదరం, 127 మి.మీ. పొడవు. పన్నెండింటిని 25 సెం.మీ. గిన్నెలో పడుకోబెట్టి, పైన బరువు పెట్టి, మునిగేలా పోయాలంటే దగ్గర దగ్గర 2 లీటర్లు కావాలి. దిగుమతి రెసిన్. అందులో ఒక్కో విడతకు కర్ర తాగేది పావు లీటరు కూడా కాదు, మిగతాది గిన్నె వెడల్పును నింపడానికే.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. వెడల్పు గిన్నె అయితే రెసిన్ ఎక్కువ పడుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్నదైతే నురగ పైకి లేచి పంపులోకి పోతుంది. మూతలోంచి చూడాలంటే వెడల్పు కావాలి, మూత మీద బరువు తగ్గాలంటే వెడల్పు తగ్గాలి. అతను మూడు గిన్నెలు మార్చడానికి అసలు కారణం ఇదే, ఒక్క గిన్నెనే అన్నీ చేయమని అడుగుతున్నాడు.

గాలి బరువు మోయడం ఒక పని, రెసిన్ పట్టడం ఇంకో పని. ఈ రెండిటినీ విడదీయొచ్చని చెప్తే అతను నమ్మలేదు. "లోపల పల్చటి డబ్బా పెడితే నలిగిపోదా అన్నా? మొన్న నీళ్ల బాటిల్ ఎట్ల నలిగిందో చూసిన గద." అంతకుముందు వారం పంపుకు ముందు నురగ పట్టడానికని ప్లాస్టిక్ మంచినీళ్ల సీసాను హోస్ మధ్యలో కలిపాడు. అది అప్పడంలా అణిగిపోయింది.

మాటలతో ఒప్పించడం కన్నా చేసి చూపించడం నయమని, టీ తాగిన ప్లాస్టిక్ కప్పును సొట్ట గిన్నె లోపల పెట్టి పంపు ఆన్ చేశాను. 700 దాకా వెళ్లినా కప్పు ఉన్నచోట ఉన్నట్టే ఉంది. సీసాకు లోపల ఖాళీ, బయట గాలి. కప్పుకు లోపలా బయటా అదే ఖాళీ. దాని మీద ఎటునుంచీ బరువు లేదు. పెద్ద గిన్నె గాలి బరువును మోస్తే, లోపలి డబ్బా ఎంత పల్చనిదైనా ఫర్వాలేదు, వంటింటి స్టీలు డబ్బా చాలు. నురగ పొంగినా పెద్ద గిన్నె అడుగున పడుతుంది కానీ పంపు దాకా రాదు.

ఏది ఎంచుకున్నాం, ఎందుకు

బయటి గిన్నెకు అతను మొదట చూపించింది పీవీసీ పైపు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. నేను కాగితం మీద లెక్క వేశాను. గొట్టం నలగకుండా నిలిచే బలం గోడ మందానికి ఘనంలో మారుతుంది. 110 మి.మీ. పొడవాటి పైపుకు గోడ 2.2 మి.మీ. అయితే అది నలిగే పీడనం చదరపు సెం.మీ.కు 0.6 కిలో లోపే. వాతావరణమే దాదాపు ఒక కిలో. గోడ 3.2 అయితే 1.7 దాకా వస్తుంది. ఒక్క మిల్లీమీటరుతో బలం మూడింతలైంది. అయినా ఆ 1.7 కూడా పైపు ఖచ్చితంగా గుండ్రంగా, చల్లగా ఉంటేనే. మే నెలలో రేకుల షెడ్డులో పీవీసీ మెత్తబడుతుంది, ఆ రెసిన్ ఆవిరి దానికి మంచిది కాదు. పక్కన పెట్టేశాం.

విదేశాల్లో ఇదే పనికి రెడీమేడ్ ఛాంబర్లు అమ్ముతారు. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే అతని బడ్జెట్ దాటింది. ఇండక్షన్ అడుగున్న మందపాటి స్టీలు గిన్నె మంచి ప్రత్యామ్నాయమే. అడుగు అయిదారు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కనుక ఉబకదు. మేం చూసిన రెండింటి అంచు మాత్రం చదునుగా లేదు, గాజు పలక మీద బోర్లిస్తే కదిలాయి. అంచు చదునుగా ఉన్నది దొరికితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే చెప్తాను.

అతనికి ఉన్న వీలు వేరు. బాలానగర్‌లో తెలిసినవాళ్ల ఫ్యాబ్రికేషన్ షాపులో 8 అంగుళాల స్టెయిన్‌లెస్ పైపు ముక్క మిగిలి ఉంది. షెడ్యూల్ 10 (పైపు గోడ మందాన్ని చెప్పే వరస), బయటి వ్యాసం 219 మి.మీ., గోడ 3.76 మి.మీ. అదే లెక్క దీనికి వేస్తే వాతావరణానికి ఇరవై రెట్ల బలం. ఇంత అక్కర్లేదు. కానీ తుక్కు ధరకు వస్తుంటే వద్దనడం ఎందుకు. 30 సెం.మీ. ఎత్తు కోయించి, అడుగున 8 మి.మీ. ప్లేటు, పైన 12 మి.మీ. రింగు వెల్డింగ్ చేయించాం. వెల్డింగ్ వేడికి రింగు వంగుతుంది కనుక, వెల్డింగ్ అయ్యాకే లేత్ మీద పెట్టి చదును చేయమని గట్టిగా చెప్పాను. ముందు చదును చేసి తర్వాత వెల్డింగ్ చేస్తే ఆ చదును దక్కదు.

మూతకు 12 మి.మీ. టఫెన్డ్ గ్లాస్, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజు. లెక్కలో ఒత్తిడి 9 మెగాపాస్కల్స్ దాకా వచ్చింది. మామూలు గాజుకు అది హద్దు మీద నడక. టఫెన్డ్ గ్లాస్‌కు చాలా తక్కువ. రెసిన్ గాజును ఏమీ చేయదు, స్పిరిట్ కూడా చేయదు. ఒక్క ఇబ్బంది, టఫెన్ చేశాక గాజును కోయడానికీ వీల్లేదు, రంధ్రం వేయడానికీ వీల్లేదు, మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలుతుంది. రంధ్రం కావాలంటే ముందే వేయించాలి, వేయించినా ఆ చోటు బలహీనమే. అందుకే మూతకు రంధ్రమే వద్దనుకున్నాం. పంపుకొకటి, గాలి వదలడానికొకటి, రెండు సాకెట్లూ గోడకే, రింగుకు 4 సెం.మీ. కింద. గేజు పంపు లైను మీద. మూతను తీసి పెట్టేటప్పుడు హోసులు లాగవు, అంచు దేనికీ కొట్టుకోదు. టఫెన్డ్ గ్లాస్‌కు అంచు మీద దెబ్బే ప్రాణాంతకం. ఎందుకైనా మంచిదని మూత మీద ఒక పాలీకార్బనేట్ షీటు కప్పుతాడు, కళ్లద్దాలు పెట్టుకుంటాడు. గ్యాస్కెట్ 5 మి.మీ. మెత్తటి సిలికాన్. బోల్టులు, క్లాంపులు ఏవీ లేవు. మొదట చేత్తో రెండు సెకన్లు నొక్కితే చాలు, తర్వాత 380 కిలోల గాలే దాన్ని నొక్కి పట్టుకుంటుంది.

పంపుకు ముందు నురగ పట్టే సీసా బదులు, రెండంగుళాల ఇనుప పైపు ముక్కకు రెండు వైపులా మూతలు.

కొత్త దాంట్లో మొదటి వైఫల్యం

లోపలికి 10 సెం.మీ. వ్యాసం, 22 సెం.మీ. ఎత్తున్న స్టీలు డబ్బా దొరికింది, వాళ్లింట్లో చక్రాలు పోసుకునేది. పన్నెండు బ్లాంకులు నిలువుగా, మూడు నాలుగుల వరసలో సరిగ్గా పట్టాయి. రెసిన్ 800 మిల్లీలీటర్లతో సరిపెట్టొచ్చని ఇద్దరం సంబరపడ్డాం. బ్లాంకుల మీద 2 సెం.మీ. ఎత్తు ఉండేలా పోసి నడిపాం. గేజు 705. బుడగలు ఆగాయి. గాలి వదిలి, రాత్రంతా నానబెట్టాం.

పొద్దున చూస్తే పైకొసలు ఒక సెంటీమీటరు మేర బయట ఉన్నాయి. కోసి చూస్తే అక్కడ పొడి కర్ర.

ఇది నేను ముందే చూడాల్సింది. పన్నెండు బ్లాంకులు ఒక్కొక్కటి 19 గ్రాముల దాకా తాగితే దాదాపు 230 మిల్లీలీటర్లు. 10 సెం.మీ. డబ్బాలో అంత రెసిన్ తగ్గితే మట్టం దగ్గర దగ్గర 3 సెం.మీ. దిగుతుంది. పాత వెడల్పు గిన్నెలో ఇదే పరిమాణం అర సెంటీమీటరు కూడా దించేది కాదు, అందుకే అతనికి ఈ సమస్య ఎప్పుడూ రాలేదు. సన్న డబ్బా రెసిన్ ఆదా చేస్తుంది, కానీ మట్టం వేగంగా పడిపోతుంది. రెండూ ఒకే కారణం నుంచి వస్తాయి. పైగా ఈ తాగడమంతా గాలి వదిలిన తర్వాతే జరుగుతుంది కనుక, వాక్యూమ్‌లో ఉన్నంతసేపూ మూతలోంచి చూస్తే అంతా మునిగే కనిపిస్తుంది.

బ్లాంకుల మీద 4 సెం.మీ. ఉండేలా పోయడం మొదలుపెట్టాడు. గాలి వదిలాక మూత తీయొచ్చు కాబట్టి, అరగంటకోసారి చూసి తగ్గితే కొంచెం పోస్తాడు. తేలకుండా పైన స్టీలు నట్లు గుచ్చిన కడ్డీ పెట్టాడు. వాక్యూమ్‌ను కూడా ఒక్కసారిగా కాకుండా, గాలి వాల్వును కొద్దిగా తెరిచి ఉంచి మెల్లగా పెంచుతాడు, లేకపోతే మొదటి అయిదు నిమిషాల్లో నురగ డబ్బా దాటుతుంది.

రెండో విడత 23 గ్రాముల బ్లాంకులు గట్టిపడ్డాక 42 దాకా తూగాయి. తూకం ఒక్కటే నమ్మొద్దని ఒకదాన్ని నడిమధ్యలో కోయించాను. రంగు చివరి నుంచి చివరికి ఒకేలా ఉంది, గోరుతో గీస్తే దిగలేదు. అదే డబ్బాలో సరదాకి వేసిన టేకు ముక్క మాత్రం రెండు గ్రాములే పెరిగింది. నూనె ఉన్న దిట్టమైన కర్రకు ఇది అవసరమూ లేదు, అది తాగనూ తాగదు.

తర్వాత

ఆరు నెలలైంది. మూత మీద గీత పడలేదు. పంపు ఆయిల్ మాత్రం అనుకున్నదానికన్నా త్వరగా చిక్కబడుతోంది, రెసిన్ ఆవిరి కొంత పోతూనే ఉంది. నెలకోసారి మారుస్తున్నాడు. గట్టిపడేందుకు యాక్టివేటర్ కలిపిన రెసిన్‌ను ఎండాకాలం ఎక్కడ దాచాలన్నది ఇంకా తేలని విషయం, ప్రస్తుతానికి చిన్న పాత ఫ్రిజ్ ఒకటి కొన్నాడు. కత్తి పిడులకు పొడవు ముక్కలు అడుగుతున్నారట. వాటికి గిన్నె మార్చక్కర్లేదు, లోపలి డబ్బా ఒక్కటి మారిస్తే చాలు, 27 సెం.మీ. దాకా ఎత్తున్నది పడుతుంది.

సొట్టపోయిన హోటల్ గిన్నెను వాళ్లమ్మగారు అడిగారట, అడుగు సాపు చేయించి పులిహోర కలుపుకోవడానికి బాగుంటుందని. రెసిన్ తగిలిన గిన్నె వంటింట్లోకి పోకూడదని ఫోన్‌లో ఆవిడకు నేనే చెప్పాను. అడుగున నాలుగు బొక్కలు కొట్టి బంతి మొక్క పెట్టారు. చక్రాల డబ్బా పోయిందన్న కోపం మాత్రం ఆవిడకు ఇంకా ఉంది.